బీర్ గార్డెన్‌కి ఇంటి నుంచి డబ్బా: బీరు చరిత్ర మీద ఒక ప్రశ్న, నా సమాధానం

ప్రశ్న ఇది: "మ్యూనిక్‌లో ఎమ్మెస్ చేస్తున్నాను. ఇక్కడ బీర్ గార్డెన్‌కి జనం ఇంటి నుంచి తిండి తెచ్చుకుని, బల్ల మీద గుడ్డ పరుచుకుని, పిల్లాపాపలతో సాయంత్రమంతా కూర్చుంటారు. ఎవరూ ఏమీ అనరు. మా ఊళ్లో వైన్స్ పక్కన పర్మిట్ రూమ్‌లో నిలబడి పది నిమిషాల్లో ఒక స్ట్రాంగ్ బీరు దింపేసి వెళ్తారు. ఈ తేడా మనుషుల్లో ఉందా, బీరులో ఉందా? అసలు బీరు ఎవరిది? మనకి కల్లు ఉంది కానీ బీరు ఎందుకు లేదు?"

నన్నడిగితే ఆ తేడా మనుషుల్లోనూ లేదు, బీరులోనూ లేదు. ఎక్సైజ్ డిపార్ట్‌మెంట్ ఫైళ్లలో ఉంది. ఇరవై రెండేళ్లు బీరు ఫ్యాక్టరీల్లో పనిచేశాను. కొన్నాళ్లు హైదరాబాద్ శివార్లలో, తర్వాత మీరున్న జర్మనీ రాష్ట్రం బవేరియాలోనే ఒక చిన్న ఊళ్లో. మొదట్లో నేనూ బీరంటే నీళ్లు, గింజ, ఈస్టు, వాతావరణం అనుకునేవాణ్ణి. అవీ ఉన్నాయి. కానీ ఏ దేశంలో బీరు అలా ఎందుకుందని తవ్వుకుంటూ పోతే చివరికి ఏదో ఒక పన్నో, లైసెన్సో, మూసేసే టైమో తగులుతుంది.

ముందు మీ డబ్బా సంగతి తేల్చేద్దాం. 1553లో బవేరియా పాలకుడు ఐదో ఆల్బ్రెక్ట్ ఒక ఉత్తర్వు ఇచ్చాడు. ఏప్రిల్ 23 నుంచి సెప్టెంబర్ 29 దాకా ఎవరూ బీరు కాయకూడదని. వేసవిలో కాస్తే బీరు పాడవుతుంది, పైగా పొయ్యిల వల్ల ఊళ్లు తగలబడే భయం. మరి ఎండాకాలం తాగడానికి? చలికాలం చివర్లోనే ఎక్కువగా కాచి, నది ఒడ్డున నేలమాళిగలు తవ్వి, చెరువుల్లో గడ్డకట్టిన ఐసు కోసి తెచ్చి లోపల పేర్చి, అందులో దాచేవారు. మాళిగ పైనున్న నేల వేడెక్కకుండా కంకర పోశారు, వెడల్పాటి ఆకులుండే చెస్ట్‌నట్ చెట్లు నాటారు. ఇప్పుడు మీరు కూర్చునే కంకర, మీ నెత్తిన ఉన్న నీడ అవే. అలంకారం కోసం పెట్టినవి కావు, కింద ఉన్న బీరు కోసం.

చల్లటి బీరు మాళిగలోనే ఉంది, పైన నీడ ఉంది. ఇంకేం, బీరు కాసేవాళ్లు అక్కడే రెండు బల్లలు వేసి అమ్మడం మొదలుపెట్టారు. ఊళ్లో హోటళ్ల వాళ్లకి గిరాకీ పడిపోయి రాజు దగ్గరికి పరిగెత్తారు. రాజు మాక్సిమిలియన్ జోసెఫ్ 1812 జనవరి 4న మధ్యేమార్గం చూశాడు. మాళిగల దగ్గర బీరు అమ్ముకోవచ్చు, రొట్టె పెట్టొచ్చు, అంతకుమించి వంట చేసి అమ్మకూడదు. దాంతో జనం కూర, ముల్లంగి, చీజ్ ఇంటి నుంచి మూటకట్టుకొచ్చారు. ఆ నిషేధం ఎప్పుడో పోయింది, అలవాటు మిగిలింది. 1995లో ఒక బీర్ గార్డెన్‌ని రాత్రి త్వరగా మూయించాలని కోర్టు అంటే వేలమంది మ్యూనిక్ వీధుల్లోకి వచ్చారు. తర్వాత 1999లో బవేరియా ప్రభుత్వం బీర్ గార్డెన్ అంటే ఏంటో నిబంధనల్లో రాసుకుంది. సొంత తిండి తెచ్చుకోనివ్వడం అందులో ఒక లక్షణం. అంటే మీరు చూసింది వాళ్ల మంచితనం కాదు, రెండొందల ఏళ్ల కిందటి వ్యాపార గొడవ.

ఇక కల్లు, బీరు. ఇది తెలుగువాళ్లకి చాలా తేలిగ్గా చెప్పొచ్చు, ఎందుకంటే సగం పని మన అమ్మలు ఇంట్లో చేస్తూనే ఉన్నారు. తాటిచెట్టు, ఈతచెట్టు నుంచి వచ్చే నీరాలో చక్కెర తయారుగా ఉంటుంది. కుండ కట్టిన గంటల్లోనే గాలిలోని ఈస్టు, అంటే చక్కెర తిని ఆల్కహాల్ చేసే సూక్ష్మజీవి, పని మొదలుపెడుతుంది. మనిషి చేయాల్సింది చెట్టెక్కడమే. గింజ అలా కాదు. బార్లీలో, రాగుల్లో ఉండేది పిండి పదార్థం. ఈస్టుకి పిండి తినడం రాదు, చక్కెరే కావాలి. పిండిని చక్కెరగా మార్చే ఎంజైములు గింజ మొలకెత్తేటప్పుడు పుడతాయి. చంటిపిల్లలకి రాగి మాల్ట్ ఎలా చేస్తారు? రాగులు నానబెట్టి, తడిగుడ్డలో మూటకట్టి, మొలక వచ్చాక ఎండబెట్టి, వేయించి, పొడి చేస్తారు. బార్లీతో బీరు ఫ్యాక్టరీకి ముందు జరిగేది అక్షరాలా అదే పని. మాల్ట్ అనే మాట కూడా అదే. తర్వాత ఆ పొడిని 65 డిగ్రీల వేడినీళ్లలో గంటసేపు ఉంచితే పిండి కరిగి తియ్యటి రసం అవుతుంది. దాన్ని హాప్స్ అనే చేదు పువ్వులతో మరిగించి, చల్లార్చి ఈస్టు వేస్తే బీరు.

చెట్టు మీదే తయారైపోయే పానీయం ఉన్నప్పుడు ఇంత తంటా ఎవరు పడతారు? తాటిచెట్లున్న మనకి గింజల బీరు ప్రధాన పానీయం కాకపోవడానికి నాకు తోచే కారణం ఇదే. చెట్టు కల్లు లేని చోట, లేదా గింజ మిగిలే చోట గింజ పానీయం వచ్చింది. ఒడిశా, జార్ఖండ్ వైపు అన్నం పులియబెట్టి హాండియా చేస్తారు. నేపాల్, సిక్కిం కొండల్లో తోంగ్బా ఉంది, అది మన రాగులతోనే. పులిసిన రాగుల్ని చెక్క లోటాలో నింపి పైన మరిగే నీళ్లు పోస్తారు. ఐదు నిమిషాలు ఆగి వెదురు గొట్టంతో పీలుస్తారు. అయిపోతే మళ్లీ వేడినీళ్లు. ఒకే రాగులతో నాలుగైదు సార్లు. ఉగాండాలో తేసో ప్రజలు కూడా రాగుల బీరునే ఒక పెద్ద కుండలో పెట్టి, చుట్టూ కూర్చుని, పొడవాటి గొట్టాలతో తాగుతారు. అసలు రాగి పంట మనకి ఆఫ్రికా నుంచే వచ్చింది. దక్షిణ అమెరికా ఆండీస్‌లో ఒకప్పుడు మొలకలకి బదులు ఇంకో ఉపాయం ఉండేది. మొక్కజొన్న పిండిని నోట్లో నమిలి ఉమ్మేవారు, లాలాజలంలోని ఎంజైములు పిండిని చక్కెర చేస్తాయి. ముఖం చిట్లించుకోకండి, తర్వాత మరిగిస్తారు. చిచా అంటారు.

"బీరు ఎవరిది" అంటే అందరిదీ. రాతలో మొదట దొరికేది మాత్రం సుమేరులది, ఇప్పటి ఇరాక్. వాళ్ల ముద్రల మీద మనుషులు కుండలో గొట్టాలు పెట్టి తాగే బొమ్మలున్నాయి. పైన తేలే పొట్టు నోట్లోకి రాకుండా. నిన్కాసి అని బీరుకి ఒక దేవత ఉండేది, ఆమె మీద సుమారు 3800 ఏళ్ల కిందటి స్తోత్రం దొరికింది. చదివితే అది స్తోత్రంతో పాటు తయారీ విధానం. కానీ నాకు ఆసక్తి దేవత మీద కాదు, ఆ మట్టి పలకల్లోని లెక్కల మీద. కూలివాళ్లకి ఇచ్చిన బార్లీ ఎంత, బీరు ఎంత అని రాసుకున్నారు. బీరు జీతంలో భాగం. తర్వాత అక్కడే బాబిలోన్ రాజు హమ్మురాబీ శాసనాల్లో కల్లుపాక లాంటి చోట్లు నడిపే ఆడవాళ్ల మీద నిబంధనలున్నాయి. బీరుకి బదులు గింజ ఇస్తే తీసుకోకపోయినా, కొలతలో మోసం చేసినా నీళ్లలో పడేయడమే శిక్ష. ఈజిప్టులో అబిడోస్ దగ్గర సుమారు 5000 ఏళ్ల కిందటి బీరు కర్మాగారం బయటపడిందని 2021లో ప్రకటించారు. ఒక విడతకి దాదాపు 22,400 లీటర్లు కాచేవారని అంచనా. ఇప్పుడు మన మైక్రోబ్రూవరీల్లో, అంటే అక్కడే బీరు కాచి అమ్మే చిన్న బార్లలో, మామూలుగా ఉండే ట్యాంకు వెయ్యి రెండు వేల లీటర్లది. అంటే ప్రభుత్వాలు పుట్టిన కొద్దికాలానికే బీరులో చేయి పెట్టాయి.

హాప్స్ గురించి రెండు మాటలు. పాతకాలం యూరప్‌లో బీరులో రకరకాల ఆకులు, మూలికలు వేసేవారు. చాలాచోట్ల ఆ మూలికల మిశ్రమం అమ్మే హక్కు చర్చిదో, ప్రభువుదో. హాప్స్ వేస్తే కొన్ని బ్యాక్టీరియాలు పెరగవు, బీరు నిలవ ఉంటుంది, దూరం వెళ్తుంది. జర్మనీలో సన్యాసిని హిల్డెగార్డ్ 12వ శతాబ్దంలోనే ఈ నిలవ ఉంచే గుణం గురించి రాసింది. వృక్షశాస్త్రం ప్రకారం హాప్స్ తీగ గంజాయి మొక్కకి దగ్గరి చుట్టం. మత్తు మాత్రం ఇవ్వదు. ఫ్యాక్టరీకి కొత్తగా వచ్చిన కుర్రాళ్లకి ఈ మాట చెప్పగానే సంచిలోంచి గుప్పెడు తీసి వాసన చూడని వాణ్ణి నేను చూడలేదు.

బవేరియాలో గర్వంగా చెప్పుకునే 1516 "శుద్ధి చట్టం" గురించి వినే ఉంటారు. ఇంగోల్‌స్టాట్‌లో ఏప్రిల్ 23న ప్రకటించారు. బార్లీ, హాప్స్, నీళ్లు, ఇవి తప్ప ఏమీ వేయకూడదు. ఈస్టు పేరు అందులో లేదు, అదేంటో అప్పటికి ఎవరికీ తెలియదు. సీసాల మీద దీన్ని జనం ఆరోగ్యం కోసం పెట్టిన చట్టంలా రాస్తారు. ఆ కాగితం చదివితే సగానికి సగం ధరల గురించే ఉంటుంది. చలికాలంలో లీటరుకి కొంచెం ఎక్కువుండే ఒక కొలతకి ఒక పెన్నీ, వేసవిలో రెండు పెన్నీలు మించకూడదని. గోధుమ వద్దనడానికి కారణం, అది రొట్టెలకి కావాలి. తమాషా ఏంటంటే గోధుమ బీరు కాసే హక్కు ఒక జమీందారీ కుటుంబానికి మాత్రం ఉండేది. 1602లో ఆ వంశం అంతరించాక హక్కు డ్యూక్ చేతికి వచ్చింది. ఆయన దాన్ని సొంత గుత్తాధిపత్యం చేసుకుని ఖజానా నింపుకున్నాడు. ప్రజలకి అశుద్ధమైన గోధుమ డ్యూక్ గారి కుండలో శుద్ధమైపోయింది. ఈసారి మీరు వైస్ బియర్, అంటే ఆ గోధుమ బీరు, తాగినప్పుడు గుర్తు చేసుకోండి.

ఇప్పుడు ప్రపంచంలో ఎక్కడ చూసినా కనిపించే బంగారు రంగు బీరు కథ మీకు కొన్ని గంటల దూరంలోనే ఉంది, చెక్ దేశంలోని ప్ల్‌జెన్‌లో. 1838లో ఆ ఊరి బీరు ఎంత చెడిపోయిందంటే, జనం 36 పీపాల బీరు టౌన్‌హాల్ ముందు పారబోశారు. బీరు కాసే హక్కున్న ఊరి పెద్దలంతా కలిసి కొత్త ఫ్యాక్టరీ కట్టి, బవేరియా నుంచి జోసెఫ్ గ్రోల్ అనే ఆయన్ని పిలిపించారు. ఆయన తెచ్చింది బవేరియా పద్ధతి, అంటే చల్లటి మాళిగలో నెమ్మదిగా పులియబెట్టడం. మాల్ట్‌ని మాత్రం ఇంగ్లిష్ పద్ధతిలో, పొగ తగలకుండా లేతగా వేయించారు. ఆ ఊరి నీళ్లలో లవణాలు చాలా తక్కువ, దగ్గర్లోనే పండే సాజ్ రకం హాప్స్. 1842 అక్టోబర్ 5న మొదటి విడత కాచారు. అప్పటిదాకా ఆ ప్రాంతంలో బీరంటే ఎక్కువగా ముదురు గోధుమ రంగు, మబ్బుగా ఉండేది. ఇది బంగారంలా మెరిసింది. అదే సమయంలో గాజు గ్లాసులు చవకవుతున్నాయి. మట్టి పిడతలో ఏ రంగైతే ఏంటి? గాజు గ్లాసులో అయితే రంగే సగం అమ్మకం. ఇవాళ హైదరాబాద్ ఫ్రిజ్‌లో ఉన్న బీరైనా, మెక్సికోలో ఉన్నదైనా దానికి ఏదో ఒక దారిన మనవడే.

ప్ల్‌జెన్‌లో నాకు జరిగింది చెప్తాను. మొదటిసారి వెళ్లినప్పుడు సర్వర్ తెచ్చిన గ్లాసులో మూడు వేళ్ల మందం నురుగు ఉంది. మన అలవాటు తెలుసుగా, గ్లాసు వంచి నురుగు రాకుండా పోసేవాడే పనిమంతుడు. నురుగు తగ్గించి తెమ్మన్నాను. ఆయన ఏమీ అనలేదు, లోపలికెళ్లి ఇంకో గ్లాసు తెచ్చాడు. అందులో గ్లాసంతా నురుగే, అడుగున రెండు వేళ్ల బీరు. వెక్కిరింత అనుకున్నా. పక్క బల్ల పెద్దాయన నవ్వి, అది కూడా ఇక్కడ ఒక రకం, "పాలు" అంటాం, ఒక్క గుక్కలో తాగాలి అన్నాడు. తాగితే మెత్తగా, తియ్యగా ఉంది. అక్కడి నురుగు మన సబ్బు నురుగు లాంటిది కాదు, తడిగా, మీగడలా ఉంటుంది. కింద బీరుకి గాలి తగలకుండా మూతలా కాపాడుతుంది. ఆ తర్వాత నా వృత్తిలో నురుగుని వృథా అన్నవాడితో గొడవపడే మనిషినయ్యాను.

ఆ దేశంలో మనిషికి ఏడాదికి 120 లీటర్లకి పైనే బీరు తాగుతారు, దశాబ్దాలుగా వాళ్లే మొదటి స్థానం. కానీ పబ్‌లో గోల ఉండదు. బల్ల మీద ఒక కాగితం ముక్క పెడతారు, గ్లాసుకి ఒక గీత గీస్తారు. గ్లాసు ఖాళీ అయితే అడక్కుండానే ఇంకోటి వస్తుంది. వద్దంటే అట్టముక్క గ్లాసు మీద పెట్టాలి. ఇంకో సంగతి, అక్కడ "పది", "పన్నెండు" అని అడుగుతారు. అది ఆల్కహాల్ శాతం కాదు. పులియక ముందు రసంలో ఉన్న చక్కెర సాంద్రత. పది అంటే సుమారు 4 శాతం ఆల్కహాల్, పన్నెండు అంటే 5. మనవాళ్లు పన్నెండు చూసి "అబ్బో, సూపర్ స్ట్రాంగ్" అని సంబరపడటం నాకు తెలుసు.

ఇంగ్లండ్ విషయంలో మనకి నేరుగా సంబంధం ఉంది. ఇండియా పేల్ ఏల్ అని మైక్రోబ్రూవరీల్లో అమ్మే చేదు బీరుంది కదా, దాన్ని భారత్‌కి పంపడం కోసమే ఎవరో ఒకరోజు కనిపెట్టారని చెబుతుంటారు. అంత నాటకీయం కాదు. లండన్‌లో ఈస్టిండియా ఓడలు నిలిచే రేవు దగ్గర్లో జార్జ్ హాడ్జ్‌సన్ బ్రూవరీ ఉండేది. ఓడ కెప్టెన్లకి పొడుగాటి గడువుతో అప్పు ఇచ్చేవాడు, వాళ్లు సరుకు తెచ్చి మద్రాస్, కలకత్తాల్లో అమ్ముకునేవారు. హాప్స్ ఎక్కువ వేసిన ఆ బీరు ఆఫ్రికా చుట్టూ నాలుగు నుంచి ఆరు నెలలు ఓడలో ఊగి వచ్చేసరికి ఇంకా బాగా పక్వానికి వచ్చేది. 1820ల్లో ఇంగ్లండ్‌లోనే బర్టన్ ఊరి బ్రూవరీలు ఆ వ్యాపారాన్ని లాక్కున్నాయి. అక్కడి నీళ్లలో సహజంగా జిప్సం అనే ఖనిజం ఉంటుంది, చేదు శుభ్రంగా తగులుతుంది. ఇప్పటికీ పేల్ ఏల్ కాసేటప్పుడు మేం నీళ్లలో జిప్సం కలుపుతాం. అన్నట్టు ఆ బీరు తెల్లదొరలకే. బారక్‌లలో మామూలు బ్రిటిష్ సైనికుడు ఎక్కువగా తాగింది పోర్టర్ అనే నల్లటి బీరు.

మన దేశంలోనే కాయడం కూడా అప్పుడే మొదలైంది. ఐసు మెషీన్లు లేని కాలం కాబట్టి చల్లటి కొండలు వెతుక్కున్నారు. కసౌలీ (ఇప్పటి హిమాచల్), ముర్రీ (ఇప్పటి పాకిస్తాన్), నీలగిరులు. కసౌలీలో బ్రూవరీ పెట్టిన ఎడ్వర్డ్ డయ్యర్ కొడుకే జలియన్‌వాలాబాగ్‌లో కాల్పులు జరిపించిన డయ్యర్.

బ్రిటన్‌లో నిజంగా తాగే తీరుని మార్చింది మొదటి ప్రపంచ యుద్ధం. ఆయుధాల ఫ్యాక్టరీల్లో కూలీలు తాగి రావట్లేదని 1915లో పబ్‌లు తెరిచే వేళలు కుదించారు, మధ్యాహ్నం మూసేయమన్నారు. చాలా ప్రాంతాల్లో ఒకరికొకరు తాగించుకోవడమే నేరం చేశారు. మీరు స్నేహితుడికి ఒక గ్లాసు కొనిస్తే జరిమానా. కార్లైల్ ప్రాంతంలోనైతే 1916లో ప్రభుత్వమే పబ్‌లూ బ్రూవరీలూ కొనేసి 1973 దాకా నడిపింది. ప్రభుత్వ మద్యం దుకాణాలు మన దగ్గరే వింత అనుకునేవాళ్ల కోసం చెబుతున్నా. యుద్ధం అయిపోయినా మధ్యాహ్నం మూసే నియమం 1988 దాకా పోలేదు. ఆస్ట్రేలియాలో ఇంకా అన్యాయం. 1916 నుంచి చాలా రాష్ట్రాల్లో సాయంత్రం ఆరుకే బార్ మూసేయాలి. ఆఫీసు ఐదింటికి వదిలితే మిగిలేది గంట. ఆ గంటలో ఎంత దింపగలిగితే అంత. బార్ గోడలకి టైల్స్ వేసేవారు, ఆరయ్యాక గొట్టంతో నీళ్లు కొట్టి కడగడానికి వీలుగా. అడిలైడ్‌లో 1967 దాకా నడిచింది ఇది. మీ ఊరి పర్మిట్ రూమ్ దృశ్యం గుర్తొస్తోందా? టైమూ, కూర్చునే చోటూ లేకుండా చేస్తే ఏ జాతి వాడైనా అలాగే తాగుతాడు.

పన్ను చేసిన విచిత్రాలకి లెక్కలేదు, కొన్ని చెప్పి వదిలేస్తా. జపాన్‌లో బీరులో మాల్ట్ ఎంత ఉంటే అంత పన్ను వేసేవారు. 1994లో ఒక కంపెనీ మాల్ట్ తగ్గించి "హప్పోషు" అని చవక పానీయం తెచ్చింది. ప్రభుత్వం దాని మీదా పన్ను పెంచింది, వీళ్లు మాల్ట్ ఇంకా తగ్గించారు. చివరికి బఠానీ ప్రొటీన్‌తో బీరు లాంటిది చేశారు. విసిగిపోయిన ప్రభుత్వం 2026 అక్టోబర్‌కల్లా అన్నిటికీ ఒకే పన్ను అని చట్టం చేసుకుంది. బెల్జియంలో 1919లో కేఫ్‌లలో ఘాటు మద్యం అమ్మకం నిషేధించారు. జనానికి ఆ కిక్కు కావాలి, దాంతో 8, 9 శాతం బీర్లకి గిరాకీ పెరిగింది. ఐస్‌లాండ్‌లో అన్నిటికంటే వింత. 1935 నుంచి విస్కీ, వోడ్కా దొరికేవి, బలమున్న బీరు మాత్రం నిషేధం. బలం లేని బీరులో వోడ్కా కలుపుకుని తాగేవారు. 1989 మార్చి 1న బీరు అనుమతించారు, ఇప్పటికీ ఆ రోజు పండగ. బ్రిటన్ 2023 ఆగస్టులో 3.5 శాతం లోపు బీరుకి పన్ను తగ్గించగానే పేరున్న బ్రాండ్లు కొన్ని మెల్లగా 3.4కి దిగిపోయాయి. చాలామంది తాగేవాళ్లు గమనించను కూడా లేదు.

మీరు డేటా సబ్జెక్టు చదువుతుంటే ఒక మాట. స్టాటిస్టిక్స్‌లో వాడే టీ-టెస్ట్ కనిపెట్టిన విలియం గాసెట్ డబ్లిన్ గిన్నిస్ బ్రూవరీ ఉద్యోగి. బార్లీ, హాప్స్ నమూనాలు కొన్నే ఉన్నప్పుడు ఎలా తేల్చాలన్నది ఆయన సమస్య. కంపెనీ సొంత పేరుతో అచ్చువేయనివ్వదు కాబట్టి 1908లో "స్టూడెంట్" అనే పేరుతో వేశాడు.

అన్నిటికంటే నన్ను కదిలించింది దక్షిణాఫ్రికా. అక్కడ జొన్నలు, మొక్కజొన్నలతో చేసే చిక్కటి పుల్లటి బీరు ఉంది, ఉమ్‌కోంబోతి అంటారు. మన జొన్న అంబలిని ఇంకాస్త పులియనిస్తే ఎలా ఉంటుందో అలా. ఆడవాళ్లే కాస్తారు, కాచినామె ముందు రుచి చూసి తర్వాత కుండ చేతులు మారుతుంది. డర్బన్ నగరపాలక సంస్థ 1909 నాటికే ఈ బీరు అమ్మే హక్కు తనకే అని ప్రకటించుకుంది. మున్సిపల్ బీర్ హాళ్లు కట్టింది. ఆ లాభంతోనే నల్లజాతి కూలీలని అదుపులో పెట్టే ఆఫీసులు, హాస్టళ్లు నడిపింది. వాళ్ల తాగుడు డబ్బుతోనే వాళ్ల మీద పెత్తనం. ఇళ్లలో ఆడవాళ్లు కాచుకున్న కుండల్ని పోలీసులు పగలగొట్టేవారు. 1959 జూన్‌లో డర్బన్‌లోని కాటో మేనర్ బస్తీ ఆడవాళ్లు కర్రలు పట్టుకుని మున్సిపల్ బీర్ హాల్ మీదికి వెళ్లి మగవాళ్లని బయటికి తరిమారు. వాళ్ల కోపం రెండు రకాలు. మా కుండ పగలగొట్టి మా బతుకుతెరువు తీసుకున్నారు, మా మగవాళ్ల జీతం మీ హాల్‌కి పోతోంది. నెల్లూరు జిల్లా దూబగుంటలో 1992లో మొదలైన సారా ఉద్యమం తెలిసిన తెలుగువాళ్లకి ఇందులో సగం అర్థమవుతుంది. మన దగ్గర 1993 అక్టోబర్‌లో రాష్ట్రమంతా సారా ఆగింది, 1995 జనవరిలో సంపూర్ణ నిషేధం వచ్చింది, 1997లో సడలింది. కాటో మేనర్ ఆడవాళ్లు మాత్రం బీరు వద్దనలేదు. అది మాది, మమ్మల్నే కాచుకోనివ్వండి అన్నారు.

ఇక మన స్ట్రాంగ్. భారత్‌లో అమ్ముడయ్యే బీరులో అత్యధిక భాగం అదే. చల్లటి దేశాల్లో వేడి కోసం స్ట్రాంగ్ తాగుతారు, మనం ఎందుకు తాగుతున్నామని అడిగేవాళ్లుంటారు. బాటిల్ మీద ధర చూడండి. లైట్‌కీ స్ట్రాంగ్‌కీ ధరలో తేడా కొంచెమే, ఆల్కహాల్‌లో తేడా ఒకటిన్నర రెట్ల దాకా. ఇచ్చిన రూపాయికి ఎంత ఎక్కుతుందని లెక్కేసుకునేవాడు స్ట్రాంగే అడుగుతాడు. అందులో వాడి తప్పేం లేదు. "కూలింగ్ ఉందా అన్నా?" అనేది రెండో ప్రశ్న. చక్కెర, బియ్యం, మొక్కజొన్న ఎక్కువ పడిన స్ట్రాంగ్ బీరు కాస్త వేడెక్కితే స్పిరిట్ వాసన బయటికొస్తుంది. రెండు మూడు డిగ్రీల చల్లదనంలో నాలుక మొద్దుబారి ఏ లోపమూ తెలియదు. ఫ్యాక్టరీలో మేం రుచి పరీక్ష చేసేటప్పుడు 12 డిగ్రీల దాకా వేడెక్కనిచ్చి తాగేది అందుకే, దాక్కున్నవన్నీ బయటపడాలని. మంచి లాగర్‌కి, అంటే ప్ల్‌జెన్‌లోలా చల్లగా పులియబెట్టిన బీరుకి, ఆరేడు డిగ్రీలు చాలు. ఇంగ్లిష్ వాళ్ల పీపా బీరు 12 డిగ్రీల దగ్గర ఇస్తారు. అది "వేడి బీరు" కాదు, మాళిగ చల్లదనం.

గ్లిజరిన్ గురించి కూడా అడగబోతారని తెలుసు, ఎందుకంటే ప్రతి హాస్టల్‌లో ఒక నిపుణుడు ఉంటాడు. సీసా నోరు వేలితో మూసి, నీళ్ల గ్లాసులో బోర్లించి, కిందికి దిగే జిగురు లాంటి ధారని చూపించి, "చూశావా, గ్లిజరిన్ దిగుతోంది" అంటాడు. నేనూ ఇంజనీరింగ్‌లో ఆ ప్రయోగం చేసి తమ్ముళ్ల ముందు పోజు కొట్టినవాణ్ణే. దిగేది బీరే. పులవగా మిగిలిన పదార్థాల వల్ల బీరు నీళ్లకన్నా కొంచెం బరువు, అందుకే కిందికి జారుతుంది. రెండు ద్రవాల మధ్య కాంతి వంగడంతో ధారలా కనిపిస్తుంది. బీరు పులిసేటప్పుడు లీటరుకి ఒకటి రెండు గ్రాముల గ్లిసరాల్ (గ్లిజరిన్ అంటే ఇదే) సహజంగా పుడుతుంది, ఆ మాత్రం దాన్ని నీళ్ల గ్లాసులో విడదీయలేం. మీరు చేసిందల్లా సగం బీరులో నీళ్లు కలపడమే. అలాగే కిడ్నీలో రాయి ఉంటే యూరాలజిస్ట్ దగ్గరికి వెళ్లండి, వైన్స్‌కి కాదు.

మర్యాదల విషయం, మీకు అక్కడ పనికొస్తుంది. జర్మనీలో గ్లాసులు తగిలించేటప్పుడు కళ్లలోకి చూడాలి, చూడకపోతే పట్టించుకుంటారు. మీ ల్యాబ్‌లో జపాన్ వాళ్లుంటే తన గ్లాసు తాను నింపుకోరు, పక్కవాళ్లది నింపుతారు, మీరు కూడా వాళ్లది చూసుకోండి. కొరియా వాళ్లు పెద్దవాళ్ల ముందు తాగాల్సి వస్తే ముఖం పక్కకి తిప్పి తాగుతారు. పెదనాన్న వస్తుంటే గ్లాసు కుర్చీ కింద పెట్టే మనకి అది కొత్తగా అనిపించదు.

వచ్చే ఆదివారం మీరూ పులిహోర డబ్బా పట్టుకెళ్లండి. బీర్ గార్డెన్‌లో రెండు రకాల బల్లలుంటాయి. టేబుల్ క్లాత్ ముందే పరిచి ఉన్నవి సర్వర్ వడ్డించేవి, అక్కడ డబ్బా తీస్తే గొడవ. ఉత్త చెక్క బల్లలు మీవి. తాగేది మాత్రం అక్కడే కొనాలి, మంచినీళ్ల సీసా అయినా. లీటరు గ్లాసు చూసి భయపడకండి, సగం లీటరు కూడా చాలాచోట్ల ఇస్తారు. గ్లాసు మీద గీత ఉంటుంది, బీరు అక్కడిదాకా ఉందో లేదో చూసి తీసుకోండి. తక్కువుంటే అడగడం అక్కడ తప్పు కాదు.